బ్యాంకు అన్యాయంగా కోసుకున్న డబ్బును వెనక్కి రాబట్టుకోవడం ఎలా?

"పీఎం కిసాన్ రెండు వేలు పడ్డాయని మెసేజ్ వచ్చింది. తీయబోతే పదమూడు వందల చిల్లరే ఉంది. మిగతాది ఏమైంది?" నన్ను ఈ మాట అడిగినవాళ్లు చాలామంది. బ్యాంకులో అడిగితే "సిస్టం దానంతటదే కట్ చేసింది, మా చేతిలో లేదు" అని పంపేస్తారు. సిస్టం కోసినదాన్ని అదే సిస్టంలో తిరిగి జమ చేయవచ్చు. రోజూ చేస్తూనే ఉంటారు, పద్ధతిగా అడిగినవాళ్లకి.

ఆ పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెబుతాను. నోటితో అడిగింది ఎక్కడా లెక్కలోకి రాదు. కాగితం మీద అడిగి, ఫిర్యాదు నంబరు చేతికి తీసుకున్న రోజు నుంచే, బ్యాంకు జవాబివ్వాల్సిన 30 రోజుల లెక్క మొదలవుతుంది. ఆ నంబరు లేకపోతే రిజర్వ్ బ్యాంకు దాకా వెళ్లినా వెనక్కి పంపుతారు.

1. ముందు స్టేట్‌మెంట్ తీయండి

పాస్‌బుక్ చాలదు. చాలా పాస్‌బుక్కులు నెలల తరబడి ప్రింటు వేయించకుండా ఉంటాయి, ఒక్కోసారి మధ్య ఎంట్రీలన్నీ కలిపి ఒకే వరుసలో వచ్చేస్తాయి. మొబైల్ యాప్‌లోంచో, నెట్ బ్యాంకింగ్‌లోంచో మూడేళ్ల స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌గా దించుకోండి. అది రాకపోతే బ్రాంచిలో అర్జీ పెట్టి తీసుకోండి.

మూడేళ్లే ఎందుకంటే, కాలపరిమితి చట్టం ప్రకారం డబ్బు వివాదాలకు మామూలుగా ఉండే గడువు అదే. అంతకన్నా పాతవి అడగొచ్చు, కానీ పట్టుబట్టడం కష్టం.

బ్యాంకులు విలీనమైన చోట ఒక జాగ్రత్త. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మీ ఖాతా ఇలా మారినదైతే పాత పాస్‌బుక్కు పారేయకండి. ఖాతా తెరిచినప్పుడు ఏ రకం ఖాతా, మినిమం బ్యాలెన్స్ ఎంత అన్నదానికి ఒక్కోసారి అదొక్కటే ఆధారం.

ఇప్పుడు స్టేట్‌మెంట్‌లో డెబిట్ గడి మాత్రమే చూస్తూ కిందికి రండి. మీరు చేయని ప్రతి డెబిట్‌కూ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత ఒక తెల్లకాగితం మీద నాలుగు గడుల పట్టిక గీయండి:

- తేదీ
- ఎంట్రీ ఎదురుగా ఉన్న మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా
- కోసిన మొత్తం, జీఎస్టీతో కలిపి
- నా అభ్యంతరం (ఇది ఇప్పుడు ఖాళీగా ఉంచండి)

జీఎస్టీ మర్చిపోవద్దు. బ్యాంకు ఛార్జీల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. కొన్ని బ్యాంకులు దాన్ని వేరే ఎంట్రీగా చూపిస్తాయి. ఛార్జీ వెనక్కి ఇచ్చి జీఎస్టీ ఇవ్వకుండా ముగించేసిన సందర్భాలు ఉన్నాయి.

2. ఎంట్రీ అర్థం కాకపోతే అర్థం చెప్పించుకోండి

స్టేట్‌మెంట్‌లోని పొట్టి అక్షరాలు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. తరచుగా కనిపించేవి ఇవి: ఏఎంబీ, ఎంఏబీ, క్యూఏబీ అంటే సగటు బ్యాలెన్స్ తగ్గినందుకు వేసిన జరిమానా. నాచ్ రిటర్న్ లేదా ఈసీఎస్ రిటర్న్ అంటే ఈఎంఐ ఆటో డెబిట్ వెనక్కి పోయినందుకు వేసింది. ఏఎంసీ అంటే డెబిట్ కార్డు ఏడాది రుసుము. పీఎంజేజేబీవై అని ఉండి 436 రూపాయలు, పీఎంఎస్‌బీవై అని ఉండి 20 రూపాయలు ఉంటే అవి బీమా ప్రీమియంలు.

అర్థం కానిదాన్ని ఊహించి ఫిర్యాదు రాయకండి. "ఫలానా తేదీన ఫలానా మొత్తం దేనికి తీసుకున్నారు?" అని కస్టమర్ కేర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి. వాళ్లు ఇచ్చే జవాబే మీ ఫిర్యాదుకు మొదటి ఆధారం అవుతుంది.

3. ఆ కోత తప్పో కాదో తేల్చుకోండి

బ్యాంకు వేసే ప్రతి ఛార్జీ అన్యాయం కాదు. లాకర్ అద్దె, ఖాతాలో డబ్బు నిజంగా లేక తిరిగొచ్చిన చెక్కు మీద ఛార్జీ, ఛార్జీల పట్టికలో ముందే చెప్పిన కార్డు రుసుము, ఇవన్నీ బ్యాంకు తీసుకోవచ్చు. అవి మాఫీ చేయమని బతిమాలుకోవచ్చు, హక్కుగా అడగలేం. రెండింటినీ ఒకే ఉత్తరంలో కలిపితే హక్కుగా రావాల్సినది కూడా బలహీనపడుతుంది.

హక్కుగా అడగగలిగేవి కింద చెబుతున్నాను.

మినిమం బ్యాలెన్స్ జరిమానా. ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే, గెలిచే అవకాశమూ వీటిలోనే ఎక్కువ. 2014 నవంబర్ 20న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌తో 2015 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు ఇవి. బ్యాలెన్స్ తగ్గగానే జరిమానా వేయకూడదు. ముందు మెసేజ్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా చెప్పాలి. ఆ నోటీసు తేదీ నుంచి కనీసం నెల గడువివ్వాలి. అప్పటికీ బ్యాలెన్స్ సరిచేయకపోతేనే జరిమానా. అదీ ఎంత తగ్గిందో ఆ తేడా మీద ఇంత శాతం అని లెక్కకట్టాలి, అందరికీ ఒకే మొత్తం బాదకూడదు. ఈ జరిమానా వల్లనే ఖాతా సున్నా కిందికి, మైనస్‌లోకి పోకూడదు.

ఆ చివరి నియమం రైతులకు, ఉపాధి హామీ కూలీలకు, పింఛనుదారులకు ప్రాణం లాంటిది. ఖాతాలో డబ్బు లేని నెలల జరిమానాలన్నీ బాకీగా రాసిపెట్టుకుని, ప్రభుత్వం డబ్బు పడగానే ఒక్కసారిగా లాగేసుకోవడం జరుగుతోంది. ఖాతాను మైనస్ చేయకూడదన్న నియమాన్ని పక్కదారిన దాటడమే ఇది. మీ ఉత్తరంలో ఈ మాట తప్పకుండా రాయండి.

ఇంకో రెండు సంగతులు. రెండేళ్లకు పైగా మీరు లావాదేవీ చేయని ఖాతాలో మినిమం బ్యాలెన్స్ జరిమానా అసలే వేయకూడదు, దాన్ని తిరిగి తెరవడానికీ డబ్బు అడగకూడదు. ఇక కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు పొదుపు ఖాతాల మీద ఈ జరిమానానే ఎత్తేశాయి: ఎస్‌బీఐ 2020లో, కెనరా బ్యాంకు 2025 జూన్ నుంచి. మీ బ్యాంకు ఎత్తేసిన తేదీ తర్వాత కోత కనిపిస్తే వాదనే అక్కర్లేదు.

జన్‌ధన్, బేసిక్ సేవింగ్స్ ఖాతాలు. వీటికి మినిమం బ్యాలెన్స్ అనేదే లేదు. నెలకు కనీసం నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద 2020 జనవరి 1 తర్వాత వసూలు చేసిన ఛార్జీలు వెనక్కి ఇవ్వాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఏడాది ఆగస్టులో బ్యాంకులకు చెప్పింది.

ఏటీఎం. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో మెట్రో నగరాల్లో మూడు, మిగతా చోట్ల ఐదు. మన రెండు రాష్ట్రాల్లో మెట్రో లెక్కలోకి వచ్చేది హైదరాబాద్ ఒక్కటే. కాబట్టి వరంగల్‌లోనో విజయవాడలోనో వేరే బ్యాంకు ఏటీఎంలో నాలుగోసారి తీసినందుకు ఛార్జీ వేస్తే అది తప్పు. ఉచితాలు అయిపోయాక వేయగలిగిన గరిష్ఠ ఛార్జీ 2025 మే 1 నుంచి 23 రూపాయలు, జీఎస్టీతో 27 రూపాయల 14 పైసలు. మెషీన్ పాడైనా, అందులో నోట్లు లేకపోయినా ఆ ప్రయత్నాన్ని లావాదేవీగా లెక్కపెట్టకూడదు.

ఏటీఎం నోట్లు ఇవ్వకుండా ఖాతాలో కోస్తే ఆ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు వెనక్కి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, మనం అడగకపోయినా బ్యాంకే ఇవ్వాలి. యూపీఐలో వ్యక్తికి పంపిన డబ్బు అవతల పడకుండా మన దగ్గర కట్ అయితే గడువు మరుసటి రోజే. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజులు.

ఎస్‌ఎంఎస్ ఛార్జీలు. వచ్చిన మెసేజ్‌ల సంఖ్యను బట్టే తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. మూడు నెలలకొకసారి అందరికీ ఒకే మొత్తం కోస్తుంటే "ఎన్ని మెసేజ్‌లకు?" అని అడగండి. దీని కోసం విడిగా ఉత్తరం రాయడం దండగ, పెద్ద ఫిర్యాదుతో కలిపేయండి.

అప్పులు. వ్యక్తులు వ్యాపారేతర అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ రేటు మారుతూ ఉండే) అప్పును ముందే తీర్చేస్తే ప్రీపేమెంట్ ఛార్జీ వేయకూడదు. గృహ రుణాల్లో ఇప్పటికీ "ప్రాసెసింగ్" పేరుతో ఏదో ఒకటి అడుగుతుంటారు, చివరి లెక్క కాగితం జాగ్రత్తగా చదవండి. వాయిదా ఆలస్యమైతే వేసే జరిమానా అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులో నియమం వచ్చింది. అప్పు చెక్కు మీ చేతికి రాకముందు రోజులకు వడ్డీ వేసి ఉంటే అదీ తిరిగి ఇవ్వాల్సిందే. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఇంటి కాగితాలు ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు రావాలి.

ఈఎంఐ బౌన్సు ఛార్జీ. ఆ తేదీన ఖాతాలో సరిపడా డబ్బుందా అన్నదొక్కటే ప్రశ్న. ఉంటే ఛార్జీ మొత్తం వెనక్కి రావాలి. అప్పిచ్చిన సంస్థ వేసిన జరిమానా కూడా అడగొచ్చు.

క్రెడిట్ కార్డు. మీరు అడగని కార్డు పంపి బిల్లు వేస్తే ఆ మొత్తం రద్దు చేయడమే కాదు, దానికి రెట్టింపు పెనాల్టీ మీకు కట్టాలి. బాకీ లేని కార్డును మూసేయమని అడిగిన ఏడు పని దినాల్లో మూయకపోతే రోజుకు 500 రూపాయలు. గడువు తేదీ దాటి మూడు రోజులు గడవకముందే ఆలస్య రుసుము వేయకూడదు.

అడగని బీమా. "సంతకం పెట్టిన దరఖాస్తు కాపీ ఇవ్వండి" అని ఒక్క వాక్యం రాయండి. లేకపోతే ప్రీమియం వెనక్కి వేయక తప్పదు. అప్పుతో పాటు అంటగట్టిన పాలసీ అయితే, పాలసీ కాగితం అందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద రద్దు చేసుకోవచ్చు. ఆ 30 రోజులు పోనివ్వకండి.

ఇక్కడ ఒక చిట్కా. 2025 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంకు వేలాది పాత సర్క్యులర్లను రద్దుచేసి వాటిలోని నియమాలను 244 సమగ్ర ఆదేశాల్లోకి సర్దింది. అందుకే ఉత్తరంలో సర్క్యులర్ నంబరు కన్నా నియమం ఏం చెబుతోందో ఆ సారాంశం రాయండి. "ఆ సర్క్యులర్ ఇప్పుడు లేదు" అని తోసిపుచ్చడానికి సందు దొరకదు.

4. ఎంత అడగాలో పైసలతో సహా లెక్కకట్టండి

"నాకు న్యాయం చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "రూ.165.20 తిరిగి జమ చేయండి" అంటే అవునో కాదో చెప్పక తప్పదు.

సగటు బ్యాలెన్స్ లెక్క ఇలా. నెలలో ప్రతి రోజు చివర ఉన్న బ్యాలెన్సులన్నీ కూడి, రోజుల సంఖ్యతో భాగించాలి. 30 రోజుల నెలలో 10 రోజులు 8,000, మిగతా 20 రోజులు 2,000 ఉన్నాయనుకోండి. 80,000కు 40,000 కలిపితే 1,20,000. ముప్పైతో భాగిస్తే సగటు 4,000. ఉండాల్సింది 5,000 అయితే తగ్గింది వెయ్యి మాత్రమే. ఏదో ఒక రోజు బ్యాలెన్స్ తగ్గినంత మాత్రాన జరిమానా పడదని చాలామందికి తెలియదు.

మీ బ్యాంకు పట్టికలో జరిమానా తేడా మీద 6 శాతం అని ఉందనుకుందాం. వెయ్యి మీద 60 రూపాయలు, జీఎస్టీ 10.80, మొత్తం 70.80. వాళ్లు 200 మీద జీఎస్టీ వేసి 236 కోస్తే, అదనంగా తీసుకున్నది 165.20. నోటీసే ఇవ్వకపోతే మొత్తం 236 అడగాలి.

ఏటీఎం పరిహారం ఇలా. మార్చి 3న నోట్లు రాలేదు, మార్చి 20న డబ్బు వెనక్కి పడింది. ఐదు రోజుల గడువు 8వ తేదీతో అయిపోయింది. ఆలస్యం 12 రోజులు, రావాల్సింది 1,200. అసలు వచ్చేసిందని ఊరుకుంటే ఈ పరిహారం పోయినట్టే.

ఈ లెక్క పూర్తయ్యాక పట్టికలో ఖాళీగా ఉంచిన నాలుగో గడి నింపండి. ఒక్కో వరుసకు ఒక్క వాక్యం చాలు.

5. ఉత్తరం రాయండి

తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు రాదని ఆగిపోయినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లు వ్యర్థంగా పోగొట్టుకున్నారు. ఒక పేజీ దాటకూడదు. కోపం, మీ కష్టాలు, బ్రాంచి సిబ్బంది ప్రవర్తన ఇవేవీ ఇందులో వద్దు. నమూనా ఇది:

బ్రాంచి మేనేజర్ గారికి,

విషయం: పొదుపు ఖాతాలో మినిమం బ్యాలెన్స్ పేరుతో కోసిన రూ.____ తిరిగి జమ చేయడం గురించి.

అయ్యా,

మీ బ్రాంచిలో నా పొదుపు ఖాతా నంబరు ____. ఈ ఖాతా నుంచి జతపరిచిన పట్టికలోని తేదీల్లో మొత్తం రూ.____ (జీఎస్టీతో కలిపి) కోసినట్టు స్టేట్‌మెంట్‌లో ఉంది.

బ్యాలెన్స్ తగ్గిందని గానీ, నెలలోపు సరిచేయకపోతే జరిమానా పడుతుందని గానీ నాకు ముందుగా మెసేజ్, ఈమెయిల్, ఉత్తరం ఏదీ అందలేదు. అలా నోటీసిచ్చి నెల గడువివ్వకుండా జరిమానా వేయకూడదని, జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి.

కాబట్టి:
ఒకటి, పై మొత్తాన్ని జీఎస్టీతో సహా నా ఖాతాలో తిరిగి జమ చేయగలరు.
రెండు, జమ చేయలేమంటే, నోటీసు ఏ తేదీన ఏ నంబరుకు పంపారో ఆధారం ఇవ్వగలరు.
మూడు, దీన్ని ఫిర్యాదుగా నమోదు చేసి ఫిర్యాదు నంబరు ఇవ్వగలరు.

ఇట్లు, (పేరు, సంతకం, ఫోన్ నంబరు, తేదీ)
జతపరిచినవి: కోతల పట్టిక, స్టేట్‌మెంట్ కాపీ.

ఈ ఉత్తరానికి బలమంతా రెండో కోరికలో ఉంది. నోటీసు పంపామని నిరూపించాల్సిన భారం అప్పుడు బ్యాంకు మీద పడుతుంది. పాత ఫోన్ నంబరుకు పంపి ఉంటే అదీ అక్కడే బయటపడుతుంది.

6. ఉత్తరం ఇచ్చి, నంబరు తీసుకోకుండా కదలకండి

మా పెద్దమ్మ ఖాతా విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఇది ఇంత గట్టిగా చెబుతున్నాను. ఊళ్లో బ్యాంకుకు ఇద్దరం రెండుసార్లు వెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి ఎంతో మర్యాదగా విని "చూస్తాం అమ్మమ్మా" అంది. నాలుగు నెలలు గడిచాయి. మూడోసారి వెళితే ఆ అమ్మాయికి బదిలీ అయింది, మేం వచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకున్నాక మూడు వారాల్లో డబ్బు పడింది.

కాబట్టి ఇలా చేయండి:

- ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీతో అందినట్టు స్టాంపు, సంతకం వేయించుకోండి.
- స్టాంపు వేయడం కుదరదంటే అక్కడ గొడవపడకండి. పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి.
- అదే రోజు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల విభాగంలోనూ అదే విషయం నమోదు చేయండి. నంబరు వెంటనే వస్తుంది.
- ఆ నంబరు స్క్రీన్‌షాట్ తీసి, కాగితం మీద కూడా రాసుకోండి.

వెళ్లలేని పెద్దవాళ్లు, విదేశాల్లో ఉన్నవాళ్లు ఖాతాలో నమోదైన ఈమెయిల్ నుంచే ఫిర్యాదు పంపాలి. అమెరికా, గల్ఫ్ వెళ్లిన పిల్లల చదువుకునే రోజుల ఖాతాలు ఇక్కడ అలాగే ఉండిపోయి, కోతల మీద కోతలు పడుతుంటాయి. ఒకసారి చూసుకోండి.

7. ఆ 30 రోజుల్లో

పది రోజులకు ఒకసారి నంబరు చెప్పి ఈమెయిల్‌తో గుర్తుచేయండి. ఫోన్‌లో మాట్లాడితే, మాట్లాడిన సంగతిని వెంటనే ఈమెయిల్‌గా రాసి పంపండి.

బ్యాంకు మూడు రకాలుగా జవాబిస్తుంది. మొత్తం జమ చేస్తే సరే. "ఛార్జీలు నిబంధనల ప్రకారమే వేశాం" అని ఒక్క వాక్యంతో ముగిస్తే "ఏ నిబంధన, నోటీసు కాపీ ఏది?" అని తిరుగు ఉత్తరం రాయండి. సగం ఇచ్చి "ఇదే చివరిది, సంతకం పెట్టండి" అంటే సగం తీసుకోండి, కానీ "మిగతాది వివాదంలో ఉంది" అని రాయకుండా సంతకం పెట్టకండి.

చాలా బ్యాంకుల్లో, తోసిపుచ్చే ఫిర్యాదులను ముందు తమ అంతర్గత అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిశీలించే అధికారికి) చూపించాల్సిన ఏర్పాటు ఉంది. ఆయన దగ్గరికి మనం నేరుగా వెళ్లలేం. కానీ "ఈ జవాబు అంతర్గత అంబుడ్స్‌మన్ పరిశీలించాక ఇచ్చిందేనా?" అని అడగొచ్చు. ఈ ఒక్క ప్రశ్నతో ఫైలు పైకి కదిలిన సందర్భాలు నాకు తెలుసు.

ప్రభుత్వ రంగ బ్యాంకైతే సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయొచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో. మీ ఖాతాకు పంపిన నోటీసుల తేదీలు, ఛార్జీల పట్టిక అడగండి. ప్రైవేటు బ్యాంకులకు ఇది వర్తించదు.

8. రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి

బ్యాంకు తోసిపుచ్చినా, 30 రోజులు దాటినా జవాబు రాకపోయినా, జవాబు మీకు సమ్మతం కాకపోయినా ఇక్కడికి రావచ్చు. ఫిర్యాదుకు గడువు ఉంటుంది, దాటితే చూడరు. 31వ రోజునే వేసేయండి.

రుసుము లేదు. లాయరు అక్కర్లేదు, అసలు లాయరు ద్వారా వేయకూడదు కూడా. మీ తరఫున ఇంట్లోవాళ్లకు అధికార పత్రం రాసివ్వొచ్చు.

2021 నవంబర్‌లో మొదలైన సమగ్ర అంబుడ్స్‌మన్ పథకంతో ఏ ఊరి బ్రాంచి ఏ ఆఫీసు కిందికి వస్తుందో వెతికే బాధ పోయింది. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే పోర్టల్‌లో వేయొచ్చు. కంప్యూటర్ వద్దనుకుంటే కాగితం మీద రాసి చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంకు కేంద్రీకృత ఫిర్యాదుల స్వీకరణ కేంద్రానికి (పిన్ 160017) పోస్టు చేయండి. ఎలా వేయాలో తెలుగులో చెప్పడానికి 14448 నంబరు ఉంది.

పోర్టల్ తెరవకముందే ఇవి సిద్ధంగా పెట్టుకోండి:

- బ్యాంకుకు ఫిర్యాదు చేసిన తేదీ, నంబరు
- ఆ ఫిర్యాదు కాపీ, స్టాంపు కనిపించేలా
- బ్యాంకు జవాబు ఉంటే అది, లేదంటే గుర్తుచేస్తూ పంపిన ఈమెయిళ్లు
- కోతల పట్టిక, స్టేట్‌మెంట్‌లో ఆ పేజీలు మాత్రమే
- అడిగే మొత్తం, విడిగా అసలు, విడిగా పరిహారం
- జరిగినదంతా తేదీల వరుసలో పది వాక్యాల్లో

ఈ ఫిర్యాదులు ఎక్కువగా పడిపోయేది రెండు కారణాలతో: బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేయకపోవడం, 30 రోజులు ఆగకపోవడం. అదే విషయం మీద కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో కేసు నడుస్తున్నా తీసుకోరు. వడ్డీ రేటు ఎంతుండాలి, అప్పు ఇవ్వాలా వద్దా లాంటి బ్యాంకు వ్యాపార నిర్ణయాలు ఇక్కడ చూడరు.

ఫిర్యాదు నమోదై బ్యాంకుకు చేరగానే ఎవరో ఒకరు మీకు ఫోన్ చేసి "డబ్బు వేసేస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి" అంటారు. డబ్బు ఖాతాలో పడిందని కళ్లారా చూశాకే ఆ మాట ఒప్పుకోండి.

9. అక్కడా కాకపోతే

జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కోత పడిన రెండేళ్లలోపు వేయాలి. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, సొంతంగా వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. అంతకుముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయడం మంచిది. మూడు వందల రూపాయల కోసం కమిషన్ దాకా వెళ్లమని నేను చెప్పను. వేలల్లో ప్రీపేమెంట్ ఛార్జీ, అంటగట్టిన బీమా లాంటివైతే తప్పకుండా వెళ్లండి.

10. దారిలో పడే గుంతలు

రిఫండ్ మోసం. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. బ్యాంకు మీద కోపంతో సోషల్ మీడియాలో పోస్టు పెట్టగానే "కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ వస్తుంది. కోసిన మూడు వందల కోసం వెళ్లి ఖాతా అంతా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. డబ్బు వెనక్కి వేయడానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, ఏ యాప్ వేసుకోనక్కర్లేదు. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతక్కండి. కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో ఉన్నదే వాడండి. మోసపోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

విసుగొచ్చి ఖాతా మూసేయడం. డబ్బు వెనక్కి వచ్చేదాకా మూయకండి. జమ చేయడానికి ఖాతా లేదంటారు, స్టేట్‌మెంట్ తీయడమూ కష్టమవుతుంది.

అన్నీ ఒకే ఫిర్యాదులో కుక్కడం. పొదుపు ఖాతా కోతలు ఒకటి, అప్పు మీద ఛార్జీలు ఒకటి, క్రెడిట్ కార్డు ఒకటి. బ్యాంకులో ఇవి మూడు వేర్వేరు విభాగాలకు పోతాయి. కలిపి రాస్తే ఒకదానికి జవాబిచ్చి మొత్తం ముగిసిందని చూపిస్తారు.

11. డబ్బు పడ్డాక

స్టేట్‌మెంట్ మళ్లీ తీసి మీ పట్టికతో సరిచూడండి. జీఎస్టీ వచ్చిందా, పరిహారం వచ్చిందా చూడండి. రాకపోతే అదే నంబరు మీద ఫిర్యాదు తిరిగి తెరవమని రాయండి.

తర్వాత ఖాతాలో ఫోన్ నంబరు, ఈమెయిల్ సరైనవేనా చూసుకోండి. బ్యాలెన్స్ నిలపలేని ఖాతా అయితే బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అర్జీ ఇవ్వండి. ఒక బ్యాంకులో అలాంటి ఖాతా ఒక్కటే ఉండాలి, దానితో పాటు అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదు. వద్దనుకున్న బీమా ఆటో డెబిట్లను రాతపూర్వకంగా ఆపించండి. పీఎంజేజేబీవై ఏటా జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఆ కాగితం మే నెల మొదట్లోనే బ్రాంచిలో పడాలి.

మూడు నెలలు గడిచాక స్టేట్‌మెంట్ ఇంకోసారి చూడండి. అదే కోత మళ్లీ కనిపిస్తే, ఈసారి ఉత్తరంలో పాత ఫిర్యాదు నంబరుతో మొదలుపెట్టండి.